పదకొండు రెక్కలు

మా వీధిలో సుద్దతో రాసింది చెరపరు. వానకి పోతే పోవాలి, నూనె పడి పోతే పోవాలి, చేత్తో మాత్రం ఎవరూ తుడవరు. సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ పంపు ఏదైనా సరే, కొనేవాడూ అమ్మేవాడూ కలిసి నా షెడ్డుకి తెస్తారు. నేను చూస్తాను, స్పానరుతో తడతాను, చక్రం తిప్పి చెవి పెడతాను. తరవాత జేబులోంచి సుద్దముక్క తీసి దాని నెత్తిన గీత గీస్తే అసలుది, సున్నా చుడితే నకలు. ఆపైన బేరం వాళ్ల గొడవ. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. ఏడో తరగతిలో బడి మానేసినవాడి రాతని ఎవరూ ఎదురు అడక్కుండా నమ్ముతున్నారంటే అది ఆ సుద్దగీత ఒక్కటే. దాని మీద నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెం అని ఇప్పుడంటున్నాను.

కంప్రెసర్ పంపు అంటే టైర్లకి గాలి కొట్టే చోట, కార్లకి రంగు కొట్టే చోట పొద్దస్తమానం దడదడమనే ఇనప దిమ్మ. మోటారు బెల్టుతో దాన్ని తిప్పుతుంది, అది గాలిని నొక్కి ట్యాంకులోకి తోస్తుంది. సిలిండర్లు వేడెక్కిపోతాయి కాబట్టి వాటి చుట్టూ పళ్లెం మీద పళ్లెం పేర్చినట్టు రెక్కలు పోతపోస్తారు. పెద్ద కంపెనీ పంపు పాతదైనా మంచి ధర పలుకుతుంది. అందుకే ఓడల్లో పెట్టెలకొద్దీ నకళ్లు దిగుతాయి. అదే రంగు, అదే పేరు, అదే అక్షరాలు. ఇక్కడివాళ్లు వాటికి మాడిన నూనె పూసి, దుమ్ము చల్లి, అంచులు అరగదీసి పాతవి చేస్తారు. పసిపిల్లకి తెల్లజుట్టు అతికించి ముసలమ్మ అన్నట్టు.

చిన్న సైజు పంపులు నాకు కొట్టినపిండి. ఎన్నో విప్పాను, ఎన్నో బిగించాను, దూరం నుంచే చెప్పేస్తాను. పది హార్స్‌పవర్ పెద్ద పంపు సంగతి వేరు. అవి ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. వాటికి మా మేనమామ ఇచ్చిపోయిన కొలత ఒకటి నా దగ్గర ఉండేది. దాన్ని తల్లిపంపు అనేవాళ్లం.

మా నాన్న మంచాన పడ్డప్పుడు నన్ను బళ్లోంచి లాక్కొచ్చి చేతికి స్పానరు ఇచ్చింది మామయ్యే. తిండి పెట్టాడు, పని నేర్పాడు, ఆ రెండూ తనే చేశానని చచ్చేదాకా గుర్తుచేశాడు. షెడ్డు వెనక గోడవార బల్ల మీద, గుడ్డ కప్పి, ఆ పంపుని పెట్టుకునేవాడు.

"కంపెనీ గోడౌన్ నుంచి నేరుగా వచ్చిందిరా ఇది. బోల్టు తలల మీద రంగు చూడు, ఎక్కడైనా చెదిరిందా? దీన్ని ఎవడూ విప్పలేదు. నువ్వూ విప్పకు. విప్పిన రోజున ఇది కొలత కాదు, పాతినుము" అనేవాడు. పెద్ద సిలిండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టించేవాడు. "పదకొండు రెక్కలు. పదకొండుంటే అసలుది, పన్నెండుంటే దొంగది. ఇంకేం చూడక్కర్లేదు."

నేను ఇంకేం చూడలేదు.

తెల్లచొక్కా తన పెద్ద పంపు తెచ్చింది ఒక మంగళవారం. తెల్లచొక్కా అంటే పెద్దవీధిలో కార్లకి రంగులు కొట్టే గారేజీ యజమాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంగుల మధ్య తిరిగి కూడా చొక్కా మీద చుక్క పడనివ్వడు. చొక్కా మాయకుండా పనిచేయించే మనిషి ఎలాంటివాడో వేరే చెప్పక్కర్లేదు. కొత్త మెషీను పెట్టుకున్నాడట, పాతదాన్ని అమ్మేస్తున్నాడు. కొనేవాడు కూడా వెంట వచ్చాడు. పంపుని బండి మీద తోసుకొచ్చినవాడు నూనెగుడ్డ. ఆ గారేజీలో పద్నాలుగేళ్లుగా పంపు చూసుకునేది అతనే. భుజాన ఎప్పుడూ నూనెగుడ్డ ఉంటుంది కాబట్టి అందరికీ అదే పేరు. అసలు పేరు అతని జీతం కాగితంలో ఉంటుందేమో.

నేను గుడ్డ తీసి తల్లిపంపు చూపించాను, ఎప్పటిలాగే. తరవాత ఆ పంపు రెక్కలు లెక్కపెట్టాను. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను, జనం చూస్తున్నారు కాబట్టి కొంచెం నెమ్మదిగా. పన్నెండే. సుద్దతో సున్నా చుట్టాను.

"ఏంటిది?" అన్నాడు తెల్లచొక్కా. "కంపెనీ డీలరు దగ్గర కొన్నాను. బిల్లు ఉంది ఇంట్లో."

"బిల్లు అసలుదే అయ్యుంటుందండీ. పంపే మారింది" అన్నాను.

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నాక్కూడా బాగుందనిపించింది ఆ మాట. అందులో ఏముందో నేను చూసుకోలేదు. తెల్లచొక్కా నవ్వలేదు. మెల్లగా తల తిప్పి నూనెగుడ్డ వైపు చూశాడు. కొనేవాడు అప్పటికే బండెక్కి వెళ్లిపోతున్నాడు.

"పద్నాలుగేళ్లు తాళాలు నీ చేతికే ఇచ్చాను కదరా" అన్నాడు తెల్లచొక్కా. గట్టిగా అనలేదు. వీధి మొత్తం వినేంత మెల్లగా అన్నాడు. "అసలుది ఎక్కడ అమ్మావు, దొంగా?"

నూనెగుడ్డ నా వైపు చూశాడు. నేను సుద్దముక్క జేబులో పెట్టుకుంటున్నాను.

రెండు రోజులయ్యాక అతను నా షెడ్డుకి వచ్చాడు. భుజాన గుడ్డ లేదు. అది లేకుండా చూస్తే ఎవరో కొత్తమనిషి అనుకున్నాను.

"కూర్చో" అన్నాను.

"కూర్చోడానికి రాలేదు మేస్త్రీ. పనిలోంచి తీసేశారు. పోలీసులకి చెప్పనందుకు దణ్ణం పెట్టుకొమ్మన్నారు."

"నేనేం చేసేది? నేను పంపుని చూశాను గానీ నిన్ను కాదు కదా."

"పంపే మారిందన్నావు. పంపుకేమైనా కాళ్లున్నాయా? మార్చిన మనిషి ఒకడుండాలి కదా. పద్నాలుగేళ్లుగా దాని పక్కన ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. వేరే గారేజీలో పని అడిగితే, నువ్వేనా ఆ పంపుల దొంగవి అంటున్నారు. మా అమ్మాయి వాళ్ల స్కూలు దాకా పాకింది మాట."

నేను చేతిలో పని ఆపలేదు. అతను కదల్లేదు.

"ఒకటడుగుతాను. ఆ పంపు వెనకవైపు, కిందనుంచి మూడో రెక్క అంచు విరిగుంది. చూశావా?"

"చూశాను."

"నేను చేరిన రెండో ఏడు స్పానరు జారి పడి విరిగింది. దానికి ఆయన నా జీతం కోశాడు. వెళ్లి అడుగు, గుర్తుంటుంది. ఇచ్చినవి మర్చిపోతాడేమో గానీ కోసినవి మర్చిపోడు. అంటే అప్పటినుంచీ ఉన్నది అదే పంపు. అవునా?"

"అయితే కొన్నప్పుడే నకలు అంటగట్టుంటారు."

"కంపెనీ మనిషే పెట్టె తెచ్చి, మేకులు పీకి, బిగించి వెళ్లాడు. పక్కనే ఉండి చూసిన పెయింటరు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. పంపు మారలేదు, నేను మార్చలేదు, కంపెనీ మోసం చెయ్యలేదు. ఇంకెవరు మిగిలారు మేస్త్రీ?"

"మాట జాగ్రత్త."

"నువ్వు వాడావా జాగ్రత్తగా?"

అతను లేచి... లేచి ఏమిటి, అసలు కూర్చోలేదు. తల్లిపంపు దగ్గరికి వెళ్లి గుడ్డ తీశాడు. నన్ను అడక్కుండా ఆ గుడ్డ తీసినవాడు అతనే మొదటివాడు. వేలితో రెక్కలు లెక్కపెట్టాడు.

"పదకొండు. సరే, అసలుదానికి పదకొండే అనుకుందాం. నకలు చేసేవాడు ఎందుకు చేస్తాడు?"

"డబ్బుకి."

"ఇనుము తక్కువ పోసి ధర ఎక్కువ లాగడానికి. పాలల్లో నీళ్లు పోసేవాళ్లని చూశాను గానీ నీళ్లల్లో పాలు పోసేవాణ్ణి చూళ్లేదు. అసలువాడు పదకొండు పోస్తే, దొంగవాడు పుణ్యానికి ఇంకో రెక్క కలుపుతాడా? ఇంత ఇనుము వేస్టు చేసుకుని?"

కోపం వచ్చింది. జవాబు రానప్పుడల్లా నాకు వచ్చేది అదే.

"నాకు పని నేర్పడానికి వచ్చావా? పో" అన్నాను.

వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ పంపు మీద గుడ్డ మళ్లీ సరిగ్గా కప్పి వెళ్లాడు. తిట్టి వెళ్లినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు కూర్చున్నాను. నా భార్య కాసేపు చూసి అడిగింది.

"ముద్ద నోట్లోకి వెళ్లడం లేదు, గోడకేసి చూస్తున్నారు. ఏంటి సంగతి?"

చెప్పాను. అంతా చెప్పలేదు. రెక్కల లెక్క చెప్పాను.

"అయితే విప్పి చూస్తే తెలుస్తుంది కదా."

"దాన్ని విప్పకూడదు. మామయ్య మరీ మరీ చెప్పాడు."

"మీ మామయ్య!" అంది. "సంబంధం మాట్లాడేటప్పుడు మీ మామయ్య మా నాన్నతో ఏమన్నాడు? కుర్రాడు పది పాసయ్యాడన్నాడు. పెళ్లయిన నెలకి తెలిసింది నాకు, ఏడు కూడా దాటలేదని. నేనూ విప్పి చూడకుండానే చేసుకున్నాను."

"మరి తిరిగి ఇచ్చెయ్యలేదే?"

"సెకండ్ హ్యాండ్ ధర కూడా రాదని" అంటూ చెంబు నా ముందు పెట్టి లోపలికి పోయింది.

నవ్వొచ్చింది. చెయ్యి కడుక్కునేసరికి ఆ నవ్వు లేదు. పది పాసయ్యాడని మామయ్య అంత ధీమాగా ఎలా చెప్పాడో గుర్తొచ్చింది నాకు. ఆ రోజు పక్కనే ఉన్నాను నేను. బోల్టు తలల మీద రంగు చూపించినప్పుడూ అదే గొంతు.

ఆదివారం వీధిలో షాపులన్నీ మూసి ఉంటాయి. షట్టరు సగం దించి, మధ్యాహ్నం వెలుతురు పడేలా తల్లిపంపుని ముందుకి లాక్కున్నాను. మొదటి బోల్టు మీద స్పానరు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాను. తిప్పితే రంగు పెళ్లున చిట్లింది. చిన్న పెంకుముక్క నేల మీద పడింది. ఇరవై రెండేళ్లు కాపాడింది ఆ పెంకుముక్కనే.

పెద్ద కంపెనీవి చిన్న పంపులు ఎన్నో విప్పాను కాబట్టి లోపల ఏముండాలో నాకు తెలుసు. వాళ్లు కింది డబ్బా లోపల కూడా రంగు వేస్తారు, పోతపోసినప్పటి ఇసుక రాలి నూనెలో కలవకుండా. పిస్టన్‌ని పైకీ కిందకీ ఆడించే కనెక్టింగ్ రాడ్డు రెండు ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్కకి ఏది జోడో తెలిసేలా రెండింటి మీదా ఒకే నంబరు కొడతారు. బయట ఎంత బాగా అచ్చు గుద్దినా నకలువాడు లోపలి సంగతి పట్టించుకోడు. ఎవరు చూస్తారని?

డబ్బా మూత తీశాను. లోపల రంగు లేదు. పచ్చి ఇనుము. మూలల్లో ఇసుక ఇంకా అంటుకునే ఉంది, వేలుపెడితే గరగరలాడింది. రాడ్ల మీద నంబర్లు లేవు, ఆకురాయి గీతలున్నాయి.

అంతవరకూ నా దగ్గర ఒక జవాబు ఉండేది. నేను గీత గీసిన పెద్ద పంపులు తరవాత రిపేరుకి వచ్చినప్పుడు చాలావాటి లోపల ఇలాగే ఉండేది. నంబరు లేని రాడ్లు, రంగు లేని డబ్బా. "మధ్యలో ఎవడో వెధవ లోపలిది మార్చేశాడు. సెకండ్ హ్యాండ్ సరుకు, ఎన్ని చేతులు పడ్డాయో" అనేవాణ్ణి. వాళ్లూ అవునవును అని తలలూపేవాళ్లు. నేను సున్నా చుట్టిన పంపు పదేళ్లు చెక్కుచెదరకుండా నడిస్తే, "నకలులో కూడా ఒకటీ అరా అదృష్టజాతకం ఉంటుంది" అనేవాణ్ణి. ఎటు తిరిగినా నేనే రైటు. ఇప్పుడు ఈ పంపుని మధ్యలో ఎవడూ విప్పలేదు. దానికి సాక్షి నేనే. ఎవడి మీదా తోసెయ్యడానికి లేదు.

మామయ్యకి తెలుసా? ఆ రోజుల్లో ఆయనే పెద్ద పంపులు తెప్పించి అమ్మేవాడు. అన్నీ పదకొండు రెక్కలవే. కావాలనే నకలుని కొలత చేసి కూర్చోబెట్టాడా, లేక ఆయన్నీ ఎవడో మోసం చేస్తే నమ్మాడా? చచ్చిపోయినవాణ్ణి విప్పి చూడలేం. రెండోది అనుకోవాలనే ఉంది. మొదటిదే నిజమని తెలుస్తూనే ఉంది. బళ్లో చదువుకుని ఉంటే అడిగేవాణ్ణేమో, ఎందుకు పదకొండు అని. కానీ నూనెగుడ్డ కూడా పెద్ద చదువులేం చదవలేదు. అడిగాడు కదా.

అటక మీద ఆ రంగు డబ్బా ఒకటుంది. పంపు మూత బిగించి, బోల్టు తలలకి నాలుగు చుక్కలు వేసి, కొంచెం దుమ్ము రుద్దితే ఎవడికీ తెలియదు. పావుగంట పని. డబ్బా దించాను కూడా. మూత తీసి, బ్రష్షు ముంచి, ఎత్తి పట్టుకుని చూశాను. పాతదాన్ని కొత్తగా, కొత్తదాన్ని పాతగా చేసి అమ్మేవాళ్లని ఇరవై రెండేళ్లుగా నేను తిట్టిన తిట్లన్నీ ఆ బ్రష్షు చివర వేలాడుతున్నాయి. రంగు బొట్టు కారి చెప్పు మీద పడింది. పావుగంట పని చెయ్యాలా వద్దా అని గంట కూర్చున్నాను. బ్రష్షు అలాగే ఎండిపోయింది.

సోమవారం పొద్దున తల్లిపంపుని బండికెత్తి నూనెగుడ్డ ఇంటి మీదుగా తోసుకెళ్లాను. గుమ్మంలోనే ఉన్నాడు.

"రా" అన్నాను.

"ఎక్కడికి?"

"గారేజీకి. స్పానరు పట్టుకునే మనిషి కావాలి."

"నీకెందుకు మనిషి? నీ చెయ్యి చాలదూ?"

"నా చెయ్యి ఇవాళ పనికిరాదు. ఆ పంపు నువ్వే విప్పాలి, అందరూ చూస్తుండగా."

అతను బండి మీద బోల్టుల వైపు చూశాడు. చిట్లిన రంగు చూశాడు. లోపలికెళ్లి గుడ్డ భుజాన వేసుకుని వచ్చి బండికి రెండో పక్క చెయ్యి వేశాడు.

గారేజీలో పంపు ఒక మూల పడి ఉంది, నెత్తిన నా సున్నాతో. తెల్లచొక్కా మమ్మల్ని చూసి, "వీణ్ణెందుకు తెచ్చావు మేస్త్రీ?" అన్నాడు.

"ముందు చూడండి, తరవాత అడగండి."

పెయింటర్లు చేతులు తుడుచుకుంటూ చుట్టూ చేరారు. నూనెగుడ్డ ఒక్కొక్క బోల్టూ విప్పి, వరసగా గుడ్డ మీద పేర్చాడు. మూత తీశాడు. పద్నాలుగేళ్లు నడిచిన పంపు లోపల, నల్లటి నూనె తుడిస్తే ఎర్రరంగు బయటపడింది. రాడ్డు తుడిచాడు. పైముక్క మీద నాలుగు వందల పదిహేడు. కిందిముక్క మీద నాలుగు వందల పదిహేడు. పక్కనే నా తల్లిపంపు నోరు తెరుచుకుని ఉంది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే చూశారు.

"ఇది అసలుది" అన్నాను గారేజీ పంపుని చూపించి. "మారలేదు. ఎవరూ మార్చలేదు. నా కొలతే దొంగది."

అని, అరచేత్తో సున్నా తుడిచేశాను. పోయింది. అంత తేలిగ్గా పోతుందని నాకే తెలియదు, ఎప్పుడూ తుడవలేదు కదా. ఆ సుద్ద చెమటకి తడిసి వేళ్ల మధ్యకి పాకింది. అదే చేత్తో ముక్క తీసి తల్లిపంపు నెత్తిన సున్నా చుట్టాను.

తెల్లచొక్కా మొహం వెలిగింది. అతనికి ముందు తట్టింది పంపు ధర. ఆ తరవాత నూనెగుడ్డ గుర్తొచ్చాడు.

"సరే అయితే, ఇంకేముంది. రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు.

నూనెగుడ్డ బోల్టులు లెక్క చూసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"రేపు సంగతి తరవాత సార్. నన్ను దొంగా అన్నది వీధిలో, అందరి ముందు. ఇప్పుడు కూడా అందరూ ఉన్నారు."

తెల్లచొక్కా తన చొక్కా వైపు చూసుకున్నాడు, మరకేమైనా పడిందా అన్నట్టు.

"తొందరపడ్డాను" అన్నాడు చివరికి. "నువ్వు దొంగవి కాదు."

"వినపడలేదండీ" అన్నాడు వెనకనుంచి ఒక పెయింటరు.

"దొంగ కాదన్నాను కదయ్యా!" అని అరిచాడు తెల్లచొక్కా. ఆ అరుపు మాత్రం రోడ్డు దాకా వినపడే ఉంటుంది.

నూనెగుడ్డ పంపు మూసి బిగించడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను, నాకూ ఏదో అంటాడేమోనని. ఆఖరి బోల్టు బిగించాక, "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు మేస్త్రీ" అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు. నేను కూడా ఒక మాట అనాలి అతనితో. అనేసి వచ్చాను. ఆ మాట ఇక్కడ రాయను, అది అతనిది.

తిరిగొచ్చేటప్పుడు బండి ఒక్కణ్ణే తోసుకున్నాను. సున్నా పైకి కనిపించేలాగే. నేను షెడ్డు చేరేలోపే వార్త చేరింది. మర్నాడు ఇద్దరు డీలర్లు నా గుమ్మం ముందునుంచే ఎటో చూస్తూ నడిచిపోయారు. ఒకడు తిట్టాడు, పేరుపెట్టి, మా మామయ్యనీ కలిపి. తిట్టించుకున్నాను.

తల్లిపంపుని ఇప్పుడు మోటారుకి బిగించాను, గాలి అవసరాలకి. ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టడం దేనికి? వేడెక్కిపోతుంది తొందరగా, మధ్యమధ్యలో ఆపాలి. ఒక రెక్క తక్కువ కదా.

బుధవారం టైర్ల షాపు ముసలాయన వచ్చాడు, మనవడి ఆటోలో పంపు వేసుకుని. నాలుగేళ్ల కిందట నేను గీత గీసి ఇచ్చిన పెద్ద పంపు. దించుకున్నాక ఆయన స్టూలు మీద కూర్చుని, చేతికర్ర కాళ్ల మధ్య పెట్టుకుని, నన్నే చూశాడు.

"విన్నానయ్యా నీ సంగతి. ఇది మరి?"

"తెలియదు బాబాయ్."

"నువ్వే కదా గీసింది."

"నేనే."

"ఇప్పుడేం రాస్తావు?"

చెయ్యి అలవాటుకొద్దీ చొక్కా జేబు వైపు పోయింది. దాన్ని అక్కణ్ణించి తీసి, బల్ల మీది స్పానరు అందుకున్నాను.

"విప్పాక చెప్తాను. టైం పడుతుంది."

"నాకేం పనుంది" అని ముసలాయన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.